చిత్తూరు పాత సమాధుల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలంటే?

ప్రశ్న: చిత్తూరులోని పాత క్రైస్తవ సమాధుల ఫోటోలు తీసి సమాధుల వివరాలు ఉంచే ఫైండ్ ఎ గ్రేవ్ వెబ్‌సైట్‌లో పెట్టాలనుకుంటున్నా. కొన్ని రాళ్ల మీద అక్షరాలు అరిగిపోయాయి. సుద్ద రుద్ది తీయొచ్చా? ఇంటిపేరు ఏ గడిలో వేయాలి?

జవాబు 1: సుద్ద, పిండి, షేవింగ్ క్రీము ఏదీ వద్దు, అన్నా. రాతి సందుల్లో దిగి ఉండిపోతాయి. యాసిడ్ అయితే మరీ ఘోరం, పాలరాయిని తినేస్తుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. రాయి పొరలుగా లేస్తుంటే అదీ వద్దు. అసలు కిటుకు వెలుతురులో ఉంది. పొద్దునో సాయంత్రమో ఏటవాలు ఎండ పడితే గాడిలో నీడ నిలిచి అక్షరం తేలుతుంది. చెట్టునీడలో ఉంటే అద్దంతో ఎండను పక్కనుంచి కొట్టించండి.

జవాబు 2: ముందు ఆ పేరు ఇప్పటికే ఉందేమో వెతకండి, డూప్లికేట్లే పెద్ద తలనొప్పి. రాతి మీద ఇంటిపేరు ముందున్నా సైట్లో చివరిపేరు గడిలోనే వేయాలి. చెక్కిన రాత మాత్రం తప్పులతో సహా ఉన్నదున్నట్టు, తెలుగైతే తెలుగులోనే. '1897, వయసు 42' అని మాత్రమే ఉంటే పుట్టింది 1854 కావచ్చు, 1855 కావచ్చు. ఒకటే ఖాయం చేయకండి.

జవాబు 3: చర్చి వాళ్ల అనుమతి, వీలైతే సమాధుల రిజిస్టరు కూడా అడగండి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందువాళ్ల కాగితాలు పాత ఉత్తర ఆర్కాటు జిల్లా కింద వెతకాలి. రాతి మీద బతికున్న భార్య పేరుంటే ఆమెకు పేజీ తెరవొద్దు.