అపార్ట్‌మెంట్ ఖాళీ స్థలం: అందరి తోటకా, కార్ల పార్కింగ్‌కా?

బి బ్లాక్ నివాసి
మాది హైదరాబాద్‌లో 64 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. వెనక 300 గజాల నేల పిచ్చిమొక్కలతో పడి ఉంది. టైల్స్ వేసి పార్కింగ్ చేద్దామని కొందరు, కూరగాయలు పండిద్దామని కొందరు. ఆదివారం మీటింగ్. నేను తోట వైపే. మా పై అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నారు. ఊళ్లో నలభై ఏళ్లు సేద్యం చేసి, కొడుకు దగ్గరికి వచ్చాక పొద్దస్తమానం గేటు దగ్గర కుర్చీలోనే గడుపుతున్నారు. ఆయన్ని చూసినప్పుడల్లా ఆ నేల గుర్తొస్తుంది. వద్దనేవాళ్లు కూడా కారణాలు చెప్పండి, వింటాను.

పాత సెక్రటరీ
నేను వద్దనే అంటాను. మా అపార్ట్‌మెంట్‌లో చేసి చూశాం. మొదట్లో ఇరవై మంది దిగారు, ఏప్రిల్ వచ్చేసరికి నలుగురు మిగిలారు. చివరికి ఆ పనంతా వాచ్‌మన్ భార్య మీద పడింది, పైసా జీతం లేకుండా. బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకుంటున్న రోజుల్లో ఎవరో బెండ మొక్కలకు పైపు పెట్టారు. పెద్ద గొడవైంది. డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన నీళ్లలో దోమలు పెరిగాయి. ఇంట్లో పిల్లకు డెంగీ వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ తండ్రి నన్నడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. కాసిన నాలుగు సొరకాయల కోసం ఇంత అవసరమా?

సియాటెల్ నుంచి
సార్, మీరు పడిన బాధ నాకు అర్థమైంది. కానీ అందులో సగం, ఎవరి బాధ్యత ఏమిటో ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చింది. ఇక్కడ పీ-ప్యాచ్ తోటలు 1973 నుంచి నడుస్తున్నాయి. పికార్డో అనే కుటుంబం పొలంలో మొదలయ్యాయి కాబట్టి ఆ 'పీ'. తోట ఉమ్మడిదే కానీ ఎవరి మడి వాళ్లది. ఏటా రుసుము కట్టాలి, ఉమ్మడి పనికి కొన్ని గంటలు రావాలి. మడిని పాడుపెడితే వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు వెళ్లిపోతుంది. పంటలో కొంత ఫుడ్ బ్యాంకులకు ఇస్తారు.

నా మడిలో గోంగూర ఉంది. పక్క మడి ఒక వియత్నాం పెద్దావిడది. మాకు ఒకరి భాష ఒకరికి రాదు. ఓరోజు ఆవిడ నా గోంగూర ఆకు నమిలి చూసి, పులుపుకి కళ్లు మూసుకుని, తన మడిలోంచి కట్టెడు ఆకు కోసి నా చేతిలో పెట్టింది. వచ్చిన ఆరేళ్లలో ఇక్కడ నాకు దొరికిన మొదటి ఇరుగుపొరుగు ఆవిడే.

డైటీషియన్
ఒక లెక్క చెప్తాను. అమెరికాలోని డెన్వర్‌లో 291 మందిని తీసుకుని సగం మందికి తోటలో మడి ఇచ్చారు, మిగతావాళ్లను ఆగమన్నారు. ఫలితాలు 2023లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మడి దొరికినవాళ్లు రెండోవాళ్ల కంటే రోజుకు 1.41 గ్రాముల పీచు ఎక్కువ తిన్నారు. అది చిన్న అంకే. బరువు తగ్గుతారని కూడా ఆ పరిశోధన చెప్పలేదు. కానీ ఒత్తిడి, ఆందోళన వాళ్లలో ఎక్కువగా తగ్గాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి తిండి కంటే టెన్షనే పెద్ద సమస్య. అందుకే దీన్ని తేలిగ్గా తీసేయలేను.

పాత సెక్రటరీ
అమెరికా సంగతి సరే. మన మే నెల అక్కడ ఉండదు కదా. నీళ్ల సంగతి ఎవరూ చెప్పడం లేదు.

మిద్దెతోట గృహిణి
నేను చెప్తానండి. మేలో తోట పచ్చగా ఉండాలని పంతం పట్టకండి. తొలకరికి మొదలుపెట్టి, ఎండలు ముదిరాక మడులు ఖాళీ చేసి, ఎండుటాకులు కప్పి వదిలేయండి. పైపు వద్దు, డ్రిప్ వేయండి. డ్రమ్ములకు మూత ఉండాలి, శుక్రవారం డ్రై డే రోజు ఖాళీ చేసి తోమాలి. వారానికోసారి ఇది తప్పకుండా జరిగితే లార్వా దోమ అయ్యే దాకా రాదు.

అన్నిటికంటే ముందు ఒక గొయ్యి తవ్వి చూడండి. బిల్డర్లు మిగిలిన సిమెంటు, ఇటుక ముక్కలు అక్కడే పూడ్చేస్తారు. ఆ మట్టిలో మొక్కకు ఇనుము అందక ఆకులు పసుపు తిరుగుతాయి, మనమేమో చేయి మంచిది కాదనుకుంటాం. అలా ఉంటే ఇటుకలతో మడులు ఎత్తుగా కట్టి ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపుకోవాలి. 64 ఇళ్ల తడి చెత్త ఉంది కాబట్టి తర్వాత కంపోస్టుకు కొదవ లేదు. మొదటి పంటగా తోటకూర వేయండి. నెలలోపే కోతకొస్తుంది, జనం చల్లబడరు.

ఇంకో మాట. వాచ్‌మన్ భార్య చేత పని చేయిస్తే జీతం ఇవ్వండి. చేయించకపోయినా ఆవిడకీ ఒక మడి ఇవ్వండి. ఆ అపార్ట్‌మెంట్‌లో ఆవిడా ఉంటోంది.

సి బ్లాక్ అద్దెవాసి
శాంక్షన్డ్ ప్లాన్ తీసి చూశారా? ఆ స్థలం టాట్‌లాట్‌గా, అంటే పిల్లలు ఆడుకోవడానికి వదిలిన ఖాళీ స్థలంగా చూపించి ఉంటే దాన్ని పార్కింగ్ చేయకూడదు. అలాగే మడులు ఓనర్లకే అనకండి. అద్దెకున్నవాళ్లకు మట్టి అక్కర్లేదా?

పాత సెక్రటరీ
వాచ్‌మన్ భార్య విషయంలో తప్పు మాదే, ఒప్పుకుంటాను. తోటకు నీళ్ల మీటరు విడిగా పెట్టి, ఆ బిల్లు మడులవాళ్లే కట్టాలి. అది లేకపోతే నా మాట ఇప్పటికీ వద్దనే.

బి బ్లాక్ నివాసి
మీటరు, మడులు, అద్దెవాళ్ల సంగతి ఎజెండాలో రాశాను. ప్లాన్ కాపీ అడిగాను. ఇవాళ పొద్దున గొయ్యి తవ్వించాం. అడుగున్నర దాకా ఇటుక ముక్కలే. పలుగు చప్పుడు విని ఆ పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చారు. కిందనుంచి పిడికెడు మట్టి తీసి నలిపి చూసి, ట్రాక్టర్ల కొద్దీ ఎర్రమట్టి పడుతుందన్నారు. చిక్కుడుకు ఉత్తరం గోడ బాగుంటుందట.