ఆపకుండా ఊదడం ముందు ఎవరికి వచ్చింది?

ప్రశ్న (కొత్త క్లారినెట్): ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో ఊదే సర్క్యులర్ బ్రీతింగ్ ఎక్కడ పుట్టింది? ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి ఊదే వాద్యం డిడ్జెరిడూ నుంచి వచ్చిందని ఒకాయన, జాజ్ వాళ్లు కనిపెట్టారని ఇంకొకాయన. ఇద్దరూ తగ్గట్లేదు.

జంటగొట్టాలు: జాజ్ నిన్నమొన్నటిది, పక్కన పెట్టండి. పాత గ్రీకు కుండల మీద ఆలోస్ అనే జంటగొట్టాల వాద్యం వాయించేవాళ్ల బొమ్మలుంటాయి. కొందరి బుగ్గల మీదుగా తోలుపట్టీ కట్టి ఉంటుంది, దాని పేరు ఫోర్బియా. బుగ్గల్లో గాలి నిలిపి ఊదేవాళ్లకు అది ఆసరా అని చాలామంది పండితుల ఊహ. ఇటలీ దీవి సార్డీనియాలో మూడు గొట్టాల వాద్యం లౌనెడ్డాస్‌ని ఇప్పటికీ ఊపిరి తెగకుండానే వాయిస్తారు.

ఊదుగొట్టం: నేను వాయిద్యగాణ్ణి కాదండీ, కంసాలి పని చేసేవాణ్ణి. సన్నటి అతుకు పెట్టేటప్పుడు ఊదుగొట్టంతో దీపం మంటను అతుకు మీదికి వంచుతాం. ముందు అతుకు మీద వేసిన వెలిగారం (బోరాక్స్) పొంగి అణుగుతుంది, ఆ తర్వాతే టంకం, అంటే అతికించే లోహం, మెరిసి పారుతుంది. సరిగ్గా అప్పుడు ఊపిరి తెగిందా, పని చెడినట్టే. అందుకని బుగ్గల్లో గాలి దాచుకుని, అది బయటికి నొక్కుతూ ముక్కుతో పీల్చుకుంటాం. మాకిది సంగీతం కాదు, కూలి!

ఈజిప్టు సక్కారాలో మెరెరుకా సమాధి గోడ మీద, లోహం కరిగించే మూస చుట్టూ కూర్చుని గొట్టాలతో నిప్పు ఊదుతున్న లోహపు పనివాళ్లు కనిపిస్తారు. 4,000 ఏళ్లు దాటిన శిల్పం. మంగోలియా లింబె వేణువు వాళ్లయితే తమ ఊపిరి విద్యకు మూలం కమ్మరులు నిప్పు ఊదే పద్ధతేనంటారు. 2011లో యునెస్కో ఆ విద్యను తక్షణం కాపాడాల్సిన వాటి జాబితాలో చేర్చింది. కాబట్టి నా ఓటు కొలిమికే.

జంటగొట్టాలు: మంగోలియాకు సరే. డిడ్జెరిడూ ఊదే ఆస్ట్రేలియా ఆదివాసులకు పూర్వం లోహపు పనే లేదు కదా? కొలిమి లేకుండా వాళ్లకెలా వచ్చింది?

ఊదుగొట్టం: అదీ నిజమే. అయితే ఒక్కచోట పుట్టి ఊళ్లు తిరిగిన విద్య కాదన్నమాట. అవసరం పడ్డ చోటల్లా ఎవరికి వాళ్లే పట్టుకుని ఉంటారు.

కొత్త క్లారినెట్: వాదన బాగుంది గానీ, నాకు పీల్చేటప్పుడు స్వరం తెగిపోతోంది. ఏం చేయాలి?

ఊదుగొట్టం: క్లారినెట్ పక్కన పెట్టండి. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి ఊదండి. లింబె వాళ్లూ అలాగే నేర్పుతారు. బుడగలు ఆగకుండా రావడం మొదలయ్యాకే రీడ్ జోలికి వెళ్లండి.