నైరుతి మూలలో దేవుడు, మా అత్తయ్యకు టెన్షన్

కొత్తపేట కోడలు:
మా పై పోర్షన్‌లో మణిపూర్ నుంచి వచ్చిన జంట అద్దెకున్నారు. మంచివాళ్ళు, అద్దె టైముకి వేస్తారు, ఏ గొడవా లేదు. మొన్న గీజర్ పాడైతే ప్లంబర్‌తో పాటు మా అత్తయ్య పైకి వెళ్ళి చూశారు, నైరుతి మూలలో చిన్న పీట, మీద తెల్ల గుడ్డ, పూలు, రెండు అరటిపళ్ళు, దీపం. విగ్రహం లేదు, ఫొటో లేదు. ఈశాన్యంలోనేమో చెప్పుల స్టాండు! ఇంటికి అరిష్టమని అప్పటినుంచి ఒకటే పోరు. ఆ అమ్మాయిని అడిగితే ‘సనామహి’ అని నవ్వింది. ఎవరీ దేవుడు? మూల మార్చుకోమని చెప్పొచ్చా?

పాత ఇంఫాల్ ఉద్యోగి:
చెప్పకండి. సనామహి మైతైల (మణిపూర్‌లో ఎక్కువగా ఉండే జనం) ఇంటి దేవుడు, ఆయన చోటే నైరుతి. మన వాస్తు లెక్క వాళ్ళకి పట్టదు. తల్లి లైమరేల్ సిదబికి ఇంట్లో ఉత్తరం వైపు చోటిస్తారు, పొయ్యి దగ్గర ఇమోయిను అమ్మవారు. అంటే ఇల్లంతా దేవుళ్ళే, కాకపోతే గుడిలాగా కనిపించదు. ఊరి బయట తోపుల్లో ఉండే దేవతలు వేరే, వాళ్ళని ఉమంగ్ లై అంటారు.

మీ అత్తయ్యకు ఈ కథ చెప్పండి, చల్లబడతారు. సనామహిని, తమ్ముడు పాఖంగ్బాని తండ్రి పిలిచి లోకమంతా చుట్టి ముందు వచ్చినవాడికే సింహాసనం అన్నాడట. సనామహి నిజంగానే బయల్దేరాడు. పాఖంగ్బా తల్లి చెప్పిన ఉపాయంతో తండ్రి సింహాసనం చుట్టూ తిరిగి గెలిచేశాడు. అచ్చం మన వినాయకుడి కథే కదా! అయితే ఇక్కడ ఓడినవాడికీ వాటా ఉంది: పాఖంగ్బాకి రాజ్యం, సనామహికి ప్రతి ఇల్లూ. నాకైతే ఓడినవాడికే లాభం అనిపిస్తుంది.

సికింద్రాబాద్ సీను:
అక్కా, యూట్యూబ్‌లో లై హరావోబా చూడండి, ఆ ఉమంగ్ లై దేవతల పండగ, ఏప్రిల్ మే నెలల్లో ఎక్కువ చేస్తారు. తెల్లబట్టల్లో ‘మైబి’లు అనే పూజారిణులు చెరువుకో ఏటికో పోయి దేవుణ్ణి నీళ్ళలోంచి దారాలతో కుండల్లోకి పిలుచుకొస్తారు, పక్కన పెనా అనే ఒంటితీగ వాయిద్యం మోగుతుంటది. తర్వాత నాట్యంలోనే శిశువు ఒళ్ళు ఎట్లా తయారైంది, ఇల్లు ఎట్లా కట్టారు, పత్తి వేసి బట్ట ఎట్లా నేశారు, అన్నీ చేతి ముద్రలతో చూపిస్తారు. మైబికి పూనకం వచ్చి దేవుడి మాట చెప్తది. మన లష్కర్ బోనాల రంగం చూసినోళ్ళకి ఇదేం వింత కాదు.

అడిగేవాడు:
మరి వాళ్ళు కృష్ణుడి భక్తులు కదా? మణిపురి రాస అంటేనే రాధాకృష్ణులు. ఇదంతా ఇప్పుడు కొత్తగా లేపింది కాదా?

పాత ఇంఫాల్ ఉద్యోగి:
కొత్త కాదు, పాతదే. 1709లో గద్దెనెక్కిన పామ్‌హైబా రాజు వైష్ణవం పుచ్చుకుని, గురువు శాంతిదాస్ గోసాయి ప్రభావంలో పుయాలనే పాత గ్రంథాలు తగలబెట్టించాడు. ఆ దుఃఖాన్ని ఏటా గుర్తు చేసుకుంటారు. రాజుగారి మతం మారినా ఇంటి మూల మారలేదు, అందుకే కృష్ణుణ్ణి కొలిచే చాలా ఇళ్ళలో ఇప్పటికీ సనామహి ఉన్నాడు. పాత మతాన్ని తిరిగి నిలబెట్టే పని 1930లో అస్సాంలోని కచార్‌లో నౌరియా ఫులో మొదలుపెట్టారు. 2011 జనాభా లెక్కల్లో మణిపూర్‌లో ‘ఇతర మతాలు’ సుమారు 8 శాతం, అందులో ఎక్కువమంది సనామహి మతం వాళ్ళే. హిందువులా కాదా అన్నది వాళ్ళు చెప్పుకోవాలి, మనం కాదు.

కొత్తపేట కోడలు:
వినాయకుడి కథ బాగా పనిచేసింది, థాంక్స్. ఇంకొకటి, వచ్చే ఉగాదికి గేటు బయట అన్నం, కూరలు పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. అదేంటి?

పాత ఇంఫాల్ ఉద్యోగి:
చైరావోబా, వాళ్ళ కొత్త సంవత్సరం, చాంద్రమానంలో మన ఉగాది రోజే వస్తుంది. ఇల్లు కడిగి, వండినవి ముందు దేవుడికి, గేటు దగ్గర పెట్టి, ఆపైన ఇరుగుపొరుగుకి పంచుతారు, సాయంత్రం కొండ ఎక్కుతారు. కొత్తపేటలో కొండ ఎక్కడ దొరుకుతుందో గానీ, గేటు దగ్గర ఒప్పుకోండి. కుక్కలు రాకుండా చూసుకోమనండి, చాలు.