కీర్తనలు 1:2లో ‘ధ్యానించువాడు’ అంటే ఏం చేసేవాడు?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఈమధ్యే బైబిల్ చదవడం మొదలుపెట్టాను, మా ఇంట్లో ఇదివరకు చదివినవాళ్లు ఎవరూ లేరు, ఫ్రెండ్ ఒకతను కీర్తనల గ్రంథంతో స్టార్ట్ చెయ్యమన్నాడు. మొదటి కీర్తనలోనే ఆగిపోయా. “దుష్టుల ఆలోచనచొప్పున నడువక పాపుల మార్గమున నిలువక అపహాసకులు కూర్చుండు చోటను కూర్చుండక” అని ఒకటో వచనం అయిపోతుంది. కూర్చుండక... ఏంటి? అక్కడేమైనా పదం పడిపోయిందా? రెండో వచనం “యెహోవా ధర్మశాస్త్రమునందు ఆనందించుచు దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు.” ధ్యానించడం అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే కదా, మరి పుస్తకాన్ని ధ్యానించడం ఎలా? అదీ రాత్రీ పగలూ? ధర్మశాస్త్రం అంటే మనుధర్మశాస్త్రం లాంటిదా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు:

మంచి చోటే ఆగారండీ. పదమేమీ పడిపోలేదు, రెండు వచనాలూ కలిపి ఒకటే వాక్యం. హీబ్రూలో ఈ కీర్తన ‘ధన్యుడు’ అనే అర్థమున్న మాటతోనే మొదలవుతుంది, తెలుగులో మనం అసలు సంగతి చివర చెబుతాం కాబట్టి ఆ మాట రెండో వచనం చివరికి వచ్చింది. నడువక, నిలువక, కూర్చుండక అంటే నడవకుండా, నిలబడకుండా, కూర్చోకుండా, ఇవన్నీ ఆ ‘ధన్యుడు’ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. అందుకే కొత్తగా చదివేవాళ్లకి నేను ముందు చెప్పేది, వచనం నంబర్ దగ్గర ఆగొద్దు, వాక్యం ఎక్కడ ముగిస్తే అక్కడ ఆగండి అని. ఈ నంబర్లు రాసినవాళ్లు వేసినవి కావు, అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, కొత్త నిబంధనకి, అంటే యేసు దగ్గర్నుంచి మొదలయ్యే బైబిల్ రెండో భాగానికి, ఇప్పుడున్న వచన సంఖ్యలు వేసింది రాబర్ట్ ఎస్టియెన్ అనే ప్రింటర్, 1551లో. వెతుక్కోడానికి పనికొస్తాయి, అర్థానికి హద్దులు కావు.

ఒకటో వచనంలో ఇంకోటి చూడండి, ముందు నడుస్తాడు, తర్వాత నిలబడతాడు, ఆఖరికి కూర్చుండిపోతాడు. చెడు సావాసం మనిషిని ఎలా పట్టేస్తుందో మూడు క్రియల్లో చెప్పేశాడు. పైకి చదివితేనే ఆ వరస చెవికి తెలుస్తుంది.

ఇప్పుడు ‘ధ్యానించు’ దగ్గరికి వద్దాం. అక్కడ హీబ్రూ మాట ‘హాగా’. గొంతులోంచి వచ్చే సన్నని శబ్దానికి వాడే మాట అది. యెషయా 38:14లో జబ్బుపడి లేచిన హిజ్కియా రాజు “గువ్వవలె మూల్గితిని” అంటాడు, అక్కడా ఇదే మాట. యెషయా 31:4లో వేటను పట్టుకున్న సింహం గుర్రుమంటుంది, అక్కడా ఇదే. అంటే కీర్తనలో ఉన్న మనిషి కళ్లు మూసుకుని మౌనంగా లేడు, పెదాలు కదుపుతూ చదివిందే మళ్లీ మళ్లీ అనుకుంటున్నాడు. మన చర్చిల్లో పెద్దవయసు ఆడవాళ్లని చూడండి, అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, లోగొంతుతో చదువుతుంటారు, చదువురాక అలా చేస్తున్నారని పిల్లలు నవ్వుతారు గానీ నా దృష్టిలో ఈ మాటకి అసలైన అర్థం వాళ్లే.

ధర్మశాస్త్రం విషయానికొస్తే, మూలంలో ఉన్నది ‘తోరా’. బోధ, ఉపదేశం అనే అర్థం ఉంది దానికి. మోషే పేరున ఉన్న మొదటి ఐదు పుస్తకాలకి కూడా అదే పేరు. మనుస్మృతికీ దీనికీ సంబంధం లేదు.

ఇంకొకరి కామెంట్:

గురువుగారూ, చిన్న సందేహం. ధ్యానం అంటే సంస్కృతంలో మనసులో తలపోయడమే కదా, మీరేమో నోటితో గొణగడం అంటున్నారు, మరైతే తెలుగు అనువాదం తప్పనే కదా అర్థం? ‘వల్లించువాడు’ అని పెట్టి ఉంటే సరిపోయేది.

జవాబు:

తప్పనను. ‘వల్లించు’ అంటే నోరు వస్తుంది గానీ మనసు పోతుంది, అర్థం తెలియకుండా బట్టీ పట్టడం అనే ఛాయ వచ్చేస్తుంది. హాగాలో రెండూ ఉన్నాయి. పక్కనే రెండో కీర్తన మొదటి వచనం చూడండి, “జనములు ఏల వ్యర్థమైనదాని తలంచుచున్నవి?” ఆ తలంచడం కూడా మూలంలో హాగాయే. ఒకడు రాత్రీపగలూ ఉపదేశాన్ని గొణుక్కుంటున్నాడు, పక్క కీర్తనలో జనాలు కుట్రలు గొణుక్కుంటున్నారు. తెలుగులో ఒకచోట ధ్యానించు, ఒకచోట తలంచు అని పెట్టేసరికి ఈ జోడీ కనపడకుండా పోయింది, నా బాధల్లా అదే. అలాగే 19వ కీర్తన చివర్లో “నా నోటి మాటలును నా హృదయ ధ్యానమును” అని ఉంటుంది, ఆ ధ్యానం కూడా హాగాలోంచి పుట్టిన మాటే. నోరూ హృదయమూ పక్కపక్కనే ఉన్నాయి చూశారా.

మొదట అడిగినవారు:

చాలా థాంక్సండీ, ఇప్పుడు రెండు వచనాలూ కలిపి పైకి చదివితే నిజంగానే అర్థమవుతోంది. అయితే రోజూ ఎలా చదవాలి? ఈ భాష చాలా కష్టంగా ఉంది, వాడుక భాషలో ఉన్న అనువాదం కొనుక్కోమంటారా?

జవాబు:

కొనుక్కోండి, కానీ పాతదాన్ని వదలకండి. తెలుగులో సువార్తలు, అంటే యేసు జీవితం చెప్పే పుస్తకాలు, మొదట అచ్చయింది 1812లో, విశాఖపట్నంలో పనిచేసిన లండన్ మిషన్ వాళ్ల అనువాదం, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ పండితుడు వాళ్లకి తోడున్నాడు. అప్పట్లో పుస్తకమంటే గ్రాంథికమే, చర్చిల్లో వాడే బైబిల్‌కి ఆ వాసన ఇప్పటికీ పోలేదు. కష్టమనిపించేది నిజానికి ఓ పది ఇరవై మాటలే. ‘ఏలయనగా’ అంటే ఎందుకంటే, ‘చొప్పున’ అంటే ప్రకారం, ‘యొద్ద’ అంటే దగ్గర, ‘చేసినయెడల’ అంటే చేస్తే. ఇవి ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. ముందు పాతది పైకి చదవండి, తర్వాత వాడుక భాషది చదవండి, మళ్లీ పాతది చదవండి. రోజుకి ఒక పేరా చాలు, మూడు అధ్యాయాలు ఉరుకులు పరుగుల మీద చదివి ఏం గుర్తులేకపోవడం కన్నా ఇదే నయం.

ఏ పుస్తకం అంటే, ఈ కీర్తన అయ్యాక మార్కు సువార్తకి వెళ్లండి, నాలుగు సువార్తల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలే, కథ గబగబా నడుస్తుంది. ఆదికాండం నుంచి వరసగా చదువుతానని పట్టుదలగా కూర్చున్నవాళ్లు లేవీయకాండంలో బలుల లెక్కల దగ్గరికి వచ్చి పుస్తకం మూసేస్తారు, చాలామందిని చూశాను. అది తర్వాత చదువుకోవచ్చు.

అర్థంకానిది అడగడానికి మొహమాటపడకండి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన ఒక పెద్ద అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటుంటాడు, యేసు గురించి బోధిస్తూ తిరిగే ఫిలిప్పు అది “విని” దగ్గరికి పరుగెత్తుకెళ్లి అర్థమవుతోందా అని అడుగుతాడు. విన్నాడు అంటే ఆయన పైకి చదువుతున్నాడనే కదా. ఎవరూ త్రోవ చూపకపోతే ఎలా గ్రహిస్తాను అంటాడాయన, రాణి ఖజానా అంతటి మీద అధికారి అయ్యుండి. మనసులో చదువుకుని ఉంటే ఫిలిప్పుకి వినపడేదే కాదు.

మొదట అడిగినవారు:

భలే ఉందండీ ఇది. ఇంకొక్కటి, 119వ కీర్తనలో మధ్యమధ్యలో ఆలెఫ్, బేత్ అని ఉన్నాయి, అవి కూడా చదవాలా?

జవాబు:

అవి హీబ్రూ అక్షరాల పేర్లు. అక్షరానికి ఎనిమిది వచనాల చొప్పున 22 అక్షరాలకి 176 వచనాలు, మూలంలో ఆ ఎనిమిదీ అదే అక్షరంతో మొదలవుతాయి. తెలుగులో అది తేలేరు కాబట్టి పేరు మాత్రం పైన వేశారు. చదవక్కర్లేదు, కానీ అంత పెద్ద కీర్తనని ఎనిమిదేసి వచనాలుగా చదువుకోడానికి బాగా పనికొస్తాయి.