రూజ్‌వెల్ట్ తరఫున పిల్లలు రేడియో ప్రసంగం రాస్తే చరిత్ర వచ్చినట్టేనా?

గోదారిగట్టు:
న్యూజెర్సీలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతికి అమెరికా చరిత్ర చెబుతాను. ఈ ఏడాది 1930ల నాటి ఆర్థిక మాంద్యం పాఠానికి వ్యాసం మానేసి, నాలుగు నిమిషాల రేడియో ప్రసంగం రాసి, తమ గొంతుతో రికార్డు చేసి తెమ్మన్నాను. 1933 నుంచి 1944 దాకా అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇంట్లో కూర్చుని జనంతో మాట్లాడినట్టు రేడియోలో చేసిన ప్రసంగాలు, ‘ఫైర్‌సైడ్ చాట్స్’, దీనికి నమూనా. కొందరు తల్లిదండ్రులు, వారిలో మన తెలుగువారు కూడా, ‘ఇది చరిత్ర క్లాసా, నాటకాల క్లాసా?’ అని అడిగారు. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

1933 మార్చి 12, ఆదివారం రాత్రి. దేశమంతటా బ్యాంకులు మూతపడి ఉన్నాయి. మర్నాటి నుంచి విడతలవారీగా తెరవాలి. తెరవగానే జనం డబ్బు కోసం ఎగబడితే మళ్ళీ అన్నీ మునుగుతాయి. అప్పుడు రూజ్‌వెల్ట్ మొదట వివరించింది చాలా చిన్న సంగతి: మీరు వేసిన డబ్బును బ్యాంకు ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయదు, అప్పుగా ఇస్తుంది, పెట్టుబడి పెడుతుంది.

నా విద్యార్థి ఒకడు మొదటి ప్రతిలో పాఠ్యపుస్తకం నుంచి బరువైన ఆర్థిక పదాలన్నీ ఎత్తి పెట్టాడు. పైకి చదవమన్నాను. రెండో వాక్యం దగ్గర ఆగిపోయి, ‘ఇది నాకే అర్థం కావడం లేదు’ అన్నాడు. వ్యాసంలో అయితే ఆ వాక్యం అలాగే దాటిపోయేది, నేనూ మార్కు వేసేదాన్ని. మూడు రోజుల తర్వాత ఇలా రాసుకొచ్చాడు: ‘మీ డబ్బు ఇప్పుడు ఒక రైతు ట్రాక్టరులో ఉంది. రేపు పొద్దున్నే దాన్ని అమ్మి తెమ్మంటే, కొనేవాడెవడు?’ ఆ రోజు వాడికి బ్యాంకు అంటే ఏమిటో తెలిసింది. చెవికి చెప్పాలంటే ముందు తనకు అర్థం కావాలి. నా వాదన ఇంతే.

పాస్‌బుక్కు:
గోదారిగట్టు గారూ, మీ శ్రద్ధను తప్పుపట్టను. కానీ నేను చాలా ఏళ్లుగా బ్యాంకింగ్ రంగంలో ఉన్నవాణ్ణి, పైగా తండ్రిని. పోయిన ఏడాది మా అమ్మాయికీ ఇలాంటి ప్రాజెక్టే ఇచ్చారు. పాత రేడియో గరగర శబ్దం వెతకడానికే మూడు రాత్రులు పోయాయి. ప్రసంగం వినసొంపుగా వచ్చింది, మంచి మార్కులూ వచ్చాయి. అంతా అయ్యాక అడిగాను: ‘బ్యాంకులు తెరిచాక జనం డబ్బు తీసుకోవడానికి కాకుండా వేయడానికి వరుస కట్టారు కదమ్మా, ఎందుకని?’ ‘ఆయన అంత బాగా చెప్పాడు కాబట్టి నాన్నా’ అంది.

నన్ను బాధపెట్టింది ఈ జవాబే. ఆ ప్రసంగానికి మూడు రోజుల ముందు, మార్చి 9న, కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) అత్యవసర బ్యాంకింగ్ చట్టం చేసింది. తెరిచే బ్యాంకులకు కావలసిన నగదు అందించే దారి ఫెడరల్ రిజర్వుకు, అంటే అమెరికా కేంద్ర బ్యాంకుకు, దొరికింది. నిలబడగలవనుకున్న బ్యాంకులకే అనుమతి ఇచ్చి తెరిపించారు. ఇళ్లలో దాచుకున్న నగదులో సగానికి పైగా రెండు వారాల్లో తిరిగి వచ్చిందంటే, ఆ మాట వెనక ఇంత ఏర్పాటు ఉంది. మాటతోనే పనయ్యేదైతే, అంతకు ముందు అధ్యక్షుడు హూవర్ కూడా రేడియోలో చాలాసార్లు మాట్లాడాడు. అయినా 1930 నుంచి 1933 దాకా సుమారు 9,000 బ్యాంకులు కూలాయి. ప్రసంగం రాయించినప్పుడు పిల్లలకు మిగిలేది ప్రసంగమే. చట్టం కనబడదు.

పరీక్ష సంగతీ మరవకండి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి) అమెరికా చరిత్ర పరీక్షలో ఏడు పత్రాలు చేతికిచ్చి గంటలో వాదన కట్టమంటారు. మొత్తం మార్కుల్లో పాతిక శాతం ఆ ఒక్క ప్రశ్నకే. గొంతు సవరించుకున్నంత మాత్రాన అది రాదు.

శ్రోత:
నేను ఇప్పుడు కాలేజీ రెండో సంవత్సరం. తొమ్మిదో తరగతిలో గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చాను. నా ఉచ్చారణ విని నవ్వుతారని క్లాసులో నోరు విప్పేదాన్ని కాదు. హైస్కూల్లో మాకూ ఇలాంటి రేడియో ప్రసంగమే ఇచ్చారు. రికార్డింగ్ కాబట్టి పన్నెండుసార్లు చదివి, పదమూడోది ఇచ్చాను. ఆ మేలు నా వరకు చిన్నది కాదు.

నాకు వచ్చింది రూజ్‌వెల్ట్ కాదు, లూసియానా సెనేటర్ హ్యూయీ లాంగ్. 1934లో ఆయన రేడియోలో ‘సంపద పంచుదాం’ అన్నాడు. కోటీశ్వరుల ఆస్తికి పరిమితి పెట్టి, ప్రతి కుటుంబానికీ సుమారు 5,000 డాలర్ల ఆస్తి ఉండేలా చేస్తానన్నాడు. నా ప్రసంగానికి క్లాసంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు మా టీచర్ లేచి, ‘ఆ సంపదలో నగదు ఎంత? ఫ్యాక్టరీలు, రైలు మార్గాలు ఎంత? రైలు పట్టాను ఎలా పంచుతావు?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రేడియో ముందు కూర్చున్నవాళ్ళు మధ్యలో చెయ్యెత్తి అడగలేరని నాకు అప్పుడు తట్టింది. ఆ రోజుల్లోనే కాఫ్లిన్ అనే మతబోధకుడు అదే రేడియోలో యూదుల మీద ద్వేషం నింపగలిగాడంటే కారణం కొంత అందులోనే ఉంది. పాస్‌బుక్కు గారూ, మీరు మీ అమ్మాయిని అడిగిన ప్రశ్నను క్లాసులో టీచర్ అడిగి ఉంటే ఆ ప్రాజెక్టు వ్యర్థం అయ్యేది కాదు.

పటం:
కాలిఫోర్నియాలో నేనూ చరిత్రే చెబుతాను. నా అభ్యంతరం వేరు. పిల్లలను ఎప్పుడూ అధ్యక్షుడి కుర్చీలోనే ఎందుకు కూర్చోబెట్టాలి?

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1942 ఫిబ్రవరి 23న రూజ్‌వెల్ట్ తన ప్రసంగం వినేటప్పుడు ప్రపంచ పటం ముందు పెట్టుకోమన్నాడు. జనం పటాలు కొనుక్కుని మరీ విన్నారు. ఏ సముద్రం ఎటు ఉందో, ఏ దారి తెగితే ఏమవుతుందో వేలుపెట్టి చూపినట్టు చెప్పాడు. బోధన అంటే అదే, కాదనను. కానీ సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఫిబ్రవరి 19న, ఆయనే 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాని వల్ల జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. పటం చూపిన ప్రసంగంలో ఆ ఉత్తర్వు ఊసే లేదు. మా ఊరి చుట్టుపక్కల ఆ కుటుంబాల మనవలు ఇప్పటికీ ఉన్నారు. నా పిల్లలతో నేను ప్రసంగం రాయించను, విన్నవారి ఉత్తరం రాయిస్తాను. రూజ్‌వెల్ట్‌కు జనం లక్షల్లో ఉత్తరాలు రాశారు. 1935 సామాజిక భద్రతా చట్టంలో పొలం కూలీలకు, ఇంటి పనివారికి చోటు దక్కలేదు. దక్షిణాదిన నల్లజాతి శ్రామికుల్లో ఎక్కువమంది చేసింది ఆ పనులే. వాళ్ళ వైపు నుంచి ఒక ఉత్తరం రాయించి చూడండి.

గోదారిగట్టు:
పటం గారూ, మీరు చెప్పిన ఉత్తరాన్ని వచ్చే వారమే క్లాసులోకి తెస్తాను. ఒకరి ప్రసంగం విని మరొకరు, అందులో చోటు దక్కనివారి తరఫున జవాబు రాయాలి. కానీ ప్రసంగం మానను. రాసేవాడి స్థానంలో కూర్చుంటేనే, ఒక విషయాన్ని వదిలేయడం కూడా ఎవరో చేసిన నిర్ణయమే అని తెలుస్తుంది. ఫిబ్రవరి 23 ప్రసంగాన్నే ఇస్తాను. ఆ ఉత్తర్వును ప్రస్తావిస్తావా, దాటేస్తావా, ఎందుకు? అది రాతలో చెప్పాలి.

పాస్‌బుక్కు గారూ, మీ మాట గట్టిగా తగిలింది. ఇక నుంచి ప్రతి రికార్డింగ్‌తో పాటు రెండు పేజీలు ఇవ్వాలి: ఏ చట్టం, ఏ పత్రం ఆధారంగా ఏ వాక్యం రాశారో. గరగర శబ్దానికి ఒక్క మార్కూ లేదు.

పాస్‌బుక్కు:
ఆ రెండు పేజీలకు రికార్డింగ్ కంటే ఎక్కువ మార్కులుంటే నాకు సమ్మతమే. పరీక్ష గురించి నా మాట మాత్రం అలాగే ఉంది.

నిన్న రాత్రి మా అమ్మాయి, నేను కలిసి మార్చి 12 నాటి అసలు ప్రసంగం విన్నాం. పరుపు కింద కంటే తెరిచిన బ్యాంకులోనే డబ్బు క్షేమం అన్న మాట దగ్గర తను నవ్వింది. ఆ తర్వాత, ప్రతి బ్యాంకూ తెరుచుకుంటుందని గానీ ఎవరికీ నష్టం రాదని గానీ మాట ఇవ్వలేనని రూజ్‌వెల్ట్ అన్నచోట ఆపేసింది. ‘నా ప్రసంగంలో ఇది పెట్టలేదు నాన్నా’ అంది. మన రాష్ట్రంలో తెరుచుకోని బ్యాంకులు ఏవో, వాటిలో డబ్బు వేసినవాళ్ళు ఏమయ్యారో వెతుకుతానని కంప్యూటర్ ముందు కూర్చుంది. పన్నెండు దాటినా లేవలేదు.