చిన్న బడ్జెట్: ఐఈఎమ్‌కు ఎంత, డాంగిల్‌కు ఎంత?

నాదబిందు
ఫోన్‌కు 3.5 మి.మీ. జాక్ లేదు, యూఎస్‌బీ-సీ ఒక్కటే. వైర్డ్ ఐఈఎమ్ (చెవి లోపలికి దూర్చే ఇయర్‌ఫోన్), దానికో డ్యాక్ డాంగిల్ (ఫోన్ డిజిటల్ సిగ్నల్‌ను ఇయర్‌ఫోన్‌కు అందేలా మార్చే బుల్లి అడాప్టర్) కొనాలి. ఉన్న డబ్బు చెరి సగం పెట్టనా? ఎక్కువగా వినేది గాత్రం, కానీ బేస్ పల్చబడితే నచ్చదు. 250 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్ కూడా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వస్తోంది. బ్లూటూత్ తీసుకుంటే ఈ గొడవే ఉండదని ఇంకొందరి మాట.

తీగలమేళం
చెరి సగం వద్దండీ. పెద్ద వాటా ఐఈఎమ్‌కే. స్వరం మారేది డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) దగ్గర, చెవిలో బిగువు దగ్గర. డాంగిల్లో చూడాల్సినవి మూడే: పాట ఆపినప్పుడు బుస్సుమనే శబ్దం లేకపోవడం, 1 వోల్టు దాకా ఔట్‌పుట్, తక్కువ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (డాంగిల్ లోపలి నిరోధం, ఓమ్‌లలో). అది ఐఈఎమ్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదు, అంటే 32 ఓమ్‌లకు 4 లోపు. ఒకే డైనమిక్ డ్రైవర్ ఉంటే ఇది అంత పట్టింపు కాదు. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (మరో రకం బుల్లి డ్రైవర్లు) ఎక్కువున్న వాటిలో ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి ఊగుతుంది కాబట్టి స్వరమే మారిపోతుంది.

250 ఓమ్‌ల సంగతి లెక్క వేసి చూడండి. 32 ఓమ్‌లకు 1 వోల్టు ఇస్తే సుమారు 31 మిల్లీవాట్లు వెళ్తాయి. మిల్లీవాట్‌కు 105 డెసిబెల్స్ ఇచ్చే ఐఈఎమ్ దాదాపు 120కి చేరుతుంది. అదే 1 వోల్టుకు 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తీసుకునేది 4 మిల్లీవాట్లే. మిల్లీవాట్‌కు 96 అనుకుంటే 102 దగ్గర ఆగిపోతుంది. తక్కువ శబ్దంతో రికార్డయిన పాటలకు అది చాలదు, విడిగా ఆంప్ (యాంప్లిఫైయర్) కొనాల్సి వస్తుంది. డబ్బాల మీద కొందరు మిల్లీవాట్‌కు, కొందరు వోల్టుకు సెన్సిటివిటీ (ఎంత ఇస్తే ఎంత శబ్దమో) రాస్తారు. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. పైగా పాత హెడ్‌ఫోన్‌లో ప్యాడ్లు అణిగిపోయి ఉంటే బేస్ ముందే మారిపోయి ఉంటుంది.

మంద్రస్థాయి
బేస్ పల్చన అనే ఫిర్యాదు నూటికి తొంభై సార్లు టిప్ (చెవిలో కూర్చునే మెత్తని తొడుగు) తప్పే (అంకె నా లెక్క, నవ్వకండి). 40 హెర్ట్‌జ్ సైన్ టోన్ పెట్టి, ఐఈఎమ్‌ను వేలితో కొంచెం లోపలికి నొక్కండి. శబ్దం పెరిగిందంటే గాలి చొరబడుతోంది, పై సైజు టిప్ వేయండి. రెండు చెవులకూ ఒకే సైజు పడాలని లేదు. పెట్టేటప్పుడు రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగితే సరిగ్గా కూర్చుంటుంది. ఫోమ్ టిప్ అయితే నలిపి పెట్టి, ఉబ్బేదాకా అరనిమిషం పట్టుకోవాలి.

బిగువు కుదిరాకే ఈక్వలైజర్. 105 హెర్ట్‌జ్ దగ్గర లో షెల్ఫ్ (అక్కడి నుంచి కింది బేస్ అంతటినీ మార్చే మీట) 4 డెసిబెల్స్ పెంచితే, ప్రీఆంప్ (మొత్తం స్థాయి) మైనస్ 4 పెట్టి తీరాలి. లేకపోతే గట్టి చోట్ల క్లిప్పయి పగులుతుంది. ‘స’, ‘ష’ గుచ్చుతుంటే ముందు టిప్‌ను ఇంకాస్త లోతుగా పెట్టి చూడండి. చెవి గొట్టంలోని ప్రతిధ్వని శిఖరం పైకి జరుగుతుంది. 8 కిలోహెర్ట్‌జ్ పైన ఐఈఎమ్ కొలతల గ్రాఫులను నమ్మకపోవడానికి కారణం కూడా అదే.

జాక్‌పిన్
బ్లూటూత్ గురించి: ఎల్‌డ్యాక్ (పాటను కుదించి పంపే ఒక బ్లూటూత్ పద్ధతి) 990 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అంటారు, సిగ్నల్ రద్దీలో అది 660కో 330కో దిగుతుంది. మైక్ ఆన్ అయితే మామూలుగా పాట మోనోలోకి జారుతుంది. బుల్లి బ్యాటరీ అరిగాక మార్చడం కష్టం.

వైర్డ్‌లో ఊడదీసే కేబుల్ ఉన్నదే తీసుకోండి, ముందు తెగేది అదే. 0.78 మి.మీ. రెండు పిన్నులదైతే ఒక వైపు తిరగేసి గుచ్చకండి. ఫేజ్ తారుమారై గాత్రం మధ్యలోంచి చెదిరి బోలుగా వినిపిస్తుంది, బేస్ మాయమవుతుంది. ఐఈఎమ్‌నే నిందిస్తారు పాపం.

నాదబిందు
సరే, హెడ్‌ఫోన్ ఆలోచన మానేశాను. ఒక వైపు శబ్దం తగ్గితే తప్పు ఎక్కడుందో ఎలా పట్టాలి?

జాక్‌పిన్
కేబుల్ ఎడమ కొసను కుడి ఐఈఎమ్‌కు, కుడి కొసను ఎడమ దానికి మార్చి గుచ్చండి. తగ్గుదల ఐఈఎమ్ వెంటే వెళ్తే దాని నాజిల్ (శబ్దం బయటికొచ్చే గొట్టం) జాలీలో చెవి గులిమి పట్టి ఉంటుంది. నాజిల్ నోరు కిందికి పెట్టి పొడి మెత్తని బ్రష్‌తో దులపండి, సూదితో పొడవకండి. కేబుల్ కొస వెంటే ఉంటే కేబులో, డాంగిలో. రెండు వైపులా సన్నగా ఉంటే అది వేరే సంగతి: కొన్ని డాంగిళ్ల లోపలి వాల్యూమ్ ఆండ్రాయిడ్‌లో పూర్తిగా తెరుచుకోదు. కొనేముందు మీ ఫోన్‌తోనే పెట్టి వినండి.