ఎండీ హోదా కోసం గోడ దూకడం తెలివేనా?

నాలుగో ఏడు:
ఈక్విటీ క్యాపిటల్ మార్కెట్స్‌లో, అంటే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఐపీఓలు, బ్లాక్ డీల్స్ (పెద్ద షేర్ల మూటని ఒకేసారి అమ్మిపెట్టడం) చేసే ఈసీఎంలో, డైరెక్టర్‌గా ఇది నాకు నాలుగో ఏడాది. ఎండీ (మేనేజింగ్ డైరెక్టర్, నా పై మెట్టు) లిస్టులో రెండుసార్లు పేరు రాలేదు. మా బాస్ రెండుసార్లూ ఒకటే మాట, "వచ్చే ఏడు నీదే". ఇప్పుడు మాకంటే చిన్న బ్యాంకు ఒకటి నేరుగా ఎండీగా రమ్మంటోంది, మొదటి ఏడాది బోనస్‌కి గ్యారంటీ కూడా ఇస్తామంటున్నారు. ఇక్కడ వదిలితే ఇంకా చేతికి రాని షేర్లు పోతాయి, మూడు నెలలు గార్డెన్ లీవ్, అంటే జీతం తీసుకుంటూ పని లేకుండా ఇంట్లో, కూర్చోవాలి. షేర్ల నష్టం వాళ్లు భర్తీ చేస్తామన్నారు. హోదా ఇక్కడే వస్తుందని ఆగాలా, దూకెయ్యాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

పాత సిండికేట్:
ఆగండి. ఇరవై ఏళ్లు సిండికేట్ డెస్క్‌లో, అంటే ఇష్యూ ధర, ఎవరికెన్ని షేర్లు అనేది చూసే చోట, ఉన్నవాడిగా చెప్తున్నాను. మీరు ఎంఅండ్‌ఏలో (కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు) ఉండుంటే వేరే సంగతి, అక్కడ ఒక సీఈఓ మనిషిని నమ్మి వెంట వస్తాడు. మన దగ్గర అలా కాదండి. క్లయింట్ కవరేజీ వాళ్ల (ఒక్కో రంగం కంపెనీలతో సంబంధాలు చూసే బ్యాంకర్ల) మనిషి, ఆర్డర్ బుక్ నిండేది సేల్స్ వాళ్ల ఫోన్లతో, కంపెనీ మిమ్మల్ని బుక్‌రన్నర్‌గా (ఇష్యూ నడిపే బ్యాంకుగా) పెట్టుకుందంటే సగం సార్లు మీ బ్యాంకు అంతకుముందు దానికి అప్పు ఇచ్చి ఉండటమే కారణం. మీరు వెళ్లేటప్పుడు వీటిలో ఏదీ మీ బ్యాగులో సర్దుకుని తీసుకెళ్లలేరు. అవతలివాళ్లు ఇచ్చే ఎండీ హోదా బహుమతి కాదు, అప్పు. రెండేళ్లలో మాండేట్ల (కంపెనీలు అప్పగించే డీల్స్) రూపంలో తిరిగి కట్టమంటారు.

ఆగను నేను:
పెద్దాయనా, మీ మాటలు వింటే బ్యాంకరనేవాడు ఏమీ చెయ్యడనిపిస్తోంది. మరి ఐపీఓ ధరల శ్రేణి తప్పితే మాత్రం తిట్టేది ఎవరిని?
ఆగమనడం తేలికే. గోల్డ్‌మన్ శాక్స్ ఎండీల లిస్టు రెండేళ్లకోసారి వేస్తుంది, 2021లో 643 మంది, 2023లో 608 మంది. ఒక్కసారి పేరు తప్పితే రెండేళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి. అక్కడ ఎండీ అయినా పైన పార్ట్‌నర్ అని ఇంకో మెట్టు, అది 2024లో 95 మందికే. "వచ్చే ఏడు" అనే మాటకి ఎవరి సంతకమూ లేదు, బాసే వచ్చే ఏడు ఉంటాడో లేదో.
చిన్న బ్యాంకులో డబ్బు ఉండదనేది కూడా పాత మాట. అమెరికాలో మధ్యస్థాయి ఐపీఓకి ఫీజు చాలాకాలంగా 7 శాతం దగ్గరే ఆగి ఉంది, అదే 2012లో ఫేస్‌బుక్ ఐపీఓకి 1.1 శాతమే ఇచ్చారు, ఆ కాస్తా బోలెడన్ని బ్యాంకులు పంచుకున్నాయి. పెద్ద డీల్‌లో ఏడో పేరుగా ఉండటం కంటే చిన్న డీల్‌లో ఎడమవైపు మొదటి పేరుగా, అంటే డీల్ నడిపే ముఖ్య బ్యాంకుగా, ఉండటం నయం కాదా?
ఇక వచ్చే షేర్ల కోసం ఆగడమా? కుప్పకూలి యూబీఎస్ చేతికి వెళ్లిన క్రెడిట్ స్వీస్ బ్యాంకులో అలాగే ఆగినవాళ్లకి 2023లో 22.48 షేర్లకి ఒక్క యూబీఎస్ షేర్ వచ్చింది. విధేయతకి మార్కెట్ కట్టిన లెక్క అది.

బాండ్ల పిల్ల:
నేను డీసీఎం, అప్పు బాండ్ల వైపు. మీరిద్దరూ మార్కెట్ సైకిల్ గురించి మాట్లాడట్లేదు, విచిత్రంగా ఉంది. మా దగ్గర ప్రభుత్వాలు, బ్యాంకులు, పెద్ద కంపెనీలు ఏటా ఎంతో కొంత బాండ్లు ఇస్తూనే ఉంటాయి, ట్రెజరీ వాళ్లతో పదేళ్ల పరిచయం ఉంటుంది, ఫీజు సన్నగా ఉన్నా ఆగదు. ఈసీఎం అలా కాదు. 2021లో ఊపు చూసి చాలామంది పెద్ద హోదాలతో మారారు, 2022లో అమెరికా ఐపీఓల సొమ్ము 90 శాతానికి పైగా పడిపోయింది. గ్యారంటీ ఉండేది సాధారణంగా ఒక్క ఏడాదికి. రెండో ఏడాది బోనస్ టైముకి "మీరు ఏం తెచ్చారు" అని అడిగితే కిటికీ మూసుకుపోయిందండీ, మార్కెట్ ఐపీఓలు తీసుకోవట్లేదు అని చెప్పాలి, అది నిజమే అయినా ఎవరూ వినరు. నాకు తెలిసిన ఒకాయన సరిగ్గా ఇలాగే చేరి పద్నాలుగు నెలలకి బయటికొచ్చాడు, ఆయన తప్పు రవ్వంత లేదు. కాబట్టి దూకాలా వద్దా అనే ముందు, ఇప్పుడు కిటికీ తెరుచుకుంటోందా మూసుకుంటోందా అది చూడండి.

పాత సిండికేట్:
క్రెడిట్ స్వీస్ విషయం ఒప్పుకుంటాను, అక్కడ నా దగ్గర జవాబు లేదు. కానీ తమ్ముడూ, ఎడమవైపు మొదటి పేరు రావాలన్నా ఆ కంపెనీకి ముందు ఎవరో ఒకరు తలుపు తెరవాలి కదా. మనం తలుపు తెరిచేవాళ్లం కాదు, లోపలికి వెళ్లాక మాట్లాడేవాళ్లం.
ఇంకోటి, నష్టం భర్తీ చేస్తామంటే సరిపోదు. ఏ రూపంలో, ఎన్నేళ్లలో, ఎవరి షేర్లలో అని కాగితం మీద చూడండి. వాళ్ల షేర్లలో ఇస్తే మీ జీతం, మీ పొదుపు రెండూ ఒకే పడవలో ఉన్నట్టే. బ్రిటన్‌లో అయితే ఇంకో చిక్కు, పాత బ్యాంకులో మీ తప్పు ఏదైనా తర్వాత బయటపడితే కొత్త బ్యాంకు ఇచ్చిన భర్తీని కూడా కోసే వీలు 2017 నుంచి నిబంధనల్లో ఉంది.

ఆగను నేను:
అది తప్పు చేసినవాళ్లకి. ఈయన ఏం తప్పు చేశారు, నాలుగేళ్లు ఓపిక పట్టడం తప్ప?

కమిటీ గది:
నేను ఇంతవరకూ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు రాయక తప్పట్లేదు. ఎండీ ప్రమోషన్లు తేల్చే కమిటీల్లో కూర్చున్నదాన్ని. డైరెక్టర్లందరూ చేసే పొరపాటు ఒకటే, ప్రమోషన్ బాస్ ఇస్తాడనుకోవడం. బాస్ పేరు పెడతాడు, అంతే. ఆ పేరు మిగతా విభాగాల వాళ్ల ముందుకి వస్తుంది. గోల్డ్‌మన్‌లో పార్ట్‌నర్ల ఎంపికకి దీన్నే క్రాస్ రఫింగ్ అంటారు, అభ్యర్థి గురించి వేరే విభాగాల పార్ట్‌నర్లు వాకబు చేస్తారు. పేరు ఏదైనా మిగతా చోట్లా పని ఇంచుమించు ఇదే. ఆ గదిలో హెల్త్‌కేర్ కవరేజీ హెడ్డో, టెక్నాలజీ వాళ్లో "ఈమె లేకపోతే ఆ ఐపీఓ మనకి వచ్చేది కాదు" అన్నారంటే పని అయిపోయినట్టే. ఎవరూ ఏమీ అనకపోతే బాస్ ఎంత పొగిడినా "మంచి మనిషే, వచ్చే ఏడు చూద్దాం" అనేసి పక్క పేరుకి వెళ్లిపోతాం. నేనూ అలా తల ఊపాను, దాచుకోను.
అందుకని నాలుగో ఏడు గారూ, మీ బాస్‌ని వదిలెయ్యండి. కవరేజీ ఎండీల్లో మీ కోసం నోరు తెరిచేవాళ్లు ఎందరో వేళ్ల మీద లెక్క పెట్టండి. ముగ్గురు కూడా లేకపోతే పదేళ్లు ఆగినా రాదు. అలాగే అవతలి బ్యాంకులోనూ మిమ్మల్ని పిలిచిన ఈసీఎం హెడ్‌తో కాదు, ఆ కవరేజీ వాళ్లతో మాట్లాడించమని అడగండి. వద్దంటే మీకు అర్థమైపోతుంది.

బాండ్ల పిల్ల:
ఇది మా వైపు కూడా అక్షరాలా నిజం. కాకపోతే ఆ ముగ్గురిలో ఇద్దరు ఉద్యోగాలు మారిపోతే మళ్లీ మొదటికే వస్తాం, నాకు పోయినేడు జరిగింది అదే.

నాలుగో ఏడు:
లెక్కపెట్టాను. ఒకరు ఖాయం, ఇంకొకరు నిన్న లిఫ్ట్‌లో కలిస్తే అడిగేశాను, "నువ్వు ఇంకా ఎండీ కాలేదా, అయ్యావనుకున్నానే" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నా గురించి మాట్లాడాల్సిన మనిషికి నా హోదానే తెలియదు.
అవతలివాళ్లని కవరేజీ ఎండీలతో కలిపించమన్నాను. ఇద్దరితో పెట్టారు, మూడో ఆయన, ఇండస్ట్రియల్స్ చూసేవాడు, బిజీగా ఉన్నాడట. పాత సిండికేట్ గారూ, భర్తీ కాగితం వచ్చింది, అంతా వాళ్ల షేర్లలోనే.

పాత సిండికేట్:
సగమైనా నగదు అడగండి. మొదట లేదంటారు, అడగడం మాత్రం ఆపకండి. ఆ ఇండస్ట్రియల్స్ ఆయన్ని కలవకుండా మాత్రం సంతకం పెట్టొద్దు.

ఆగను నేను:
చూశారా, ఆయన కూడా ఆగమనడం మానేశాడు.